లక్షా అరవై రెండు వేలు తిరిగిన కొత్త కారు!

ఢిల్లీ మెట్రో బ్లూలైన్ రైలు ఝండేవాలాన్ దాటి కరోల్ బాగ్ స్టేషన్ చేరుతుంటే కిటికీ పక్కనే ఆకాశమంత ఎత్తున హనుమంతుడు కనిపిస్తాడు. 108 అడుగుల విగ్రహం. రైల్లో కూర్చున్నవాళ్ళు కూర్చున్నచోటి నుంచే చేతులు జోడిస్తారు. పాత కారు కొనడానికి వచ్చినవాళ్ళయితే ఇంకాస్త భక్తిగా మొక్కుకోవాలి. ఎందుకంటే ఆ స్టేషన్ మెట్లు దిగాక ఎదురయ్యే బజారులో కళ్ళతో చూసింది సగమే నిజం, చెవులతో విన్నది అంతకంటే తక్కువ!

కరోల్ బాగ్ అంటే పెళ్ళి లెహంగాలు, బంగారం కొట్లు, సెల్ ఫోన్లకు పేరుమోసిన గఫార్ మార్కెట్. మన తెలుగు పిల్లలకైతే సివిల్స్ కోచింగ్. పక్కనున్న ఓల్డ్ రాజేందర్ నగర్ దాకా ప్రతి సందులోనూ ఓ తెలుగు కుర్రాడు పుస్తకాల సంచితో ఎదురవుతాడు. వీటన్నిటి మధ్యా వరసలు కట్టి, ఒకదాని మూతికి ఇంకొకటి ఆనించి నిలబెట్టిన పాత కార్ల బజారు ఉంది. మారుతి నుంచి మెర్సిడెస్ దాకా అన్నీ తుడిచి, నూనె రాసి, అద్దం మీద తెల్ల పెయింటుతో మోడల్ సంవత్సరం రాసి పెట్టి ఉంటాయి. పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు!

హైదరాబాద్ లోనో విజయవాడలోనో దొరకవా పాత కార్లు? దొరుకుతాయి. కానీ ఇంత చవగ్గా దొరకవు. అందులోనూ కొత్తలో పన్నెండు, పదిహేను లక్షలు పలికి, నొక్కితే పులిలా దూకే ఇంజన్లున్న బండ్లు ఢిల్లీలో బైకు ధరకు కాస్త పైన దొరుకుతున్నాయంటే ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకు నిద్ర పడుతుందా?

కోర్టు తీర్పే తగ్గింపు ధర

ఈ చవకదనానికి మూలం పొగ. ఢిల్లీ గాలి పాడైపోతోందని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 నవంబర్ లో పదిహేనేళ్ళు దాటిన బండ్లు రాజధాని రోడ్లమీద తిరగకూడదంది. 2015 ఏప్రిల్ లో డీజిల్ బండ్లకు పదేళ్ళే గడువని చెప్పింది. 2018 అక్టోబర్ లో సుప్రీంకోర్టూ దానికే ఓటేసింది. దాంతో ఢిల్లీలో కారుకు రెండు వయసులొచ్చాయి. ఇంజన్ వయసు ఒకటి, కోర్టు వయసు ఒకటి. ఇంజన్ ఇంకో లక్ష కిలోమీటర్లు లాగగలిగినా కోర్టు వయసు దగ్గరపడితే ధర పడిపోతుంది.

2025 జులై 1 నుంచి పాత బండ్లకు బంకుల్లో ఇంధనమే పోయొద్దన్నారు. గోల పుట్టడంతో కొద్దిరోజులకే ఆపేశారు. ఆగస్టులో సుప్రీంకోర్టు, వయసు ఒక్కటే చూసి యజమానుల మీద కఠిన చర్యలు వద్దంది. డిసెంబర్ కొచ్చేసరికి ఆ ఊరటను బీఎస్-4, ఆపై ఇంజన్లకే పరిమితం చేసింది. ఇన్ని మలుపులు చూసిన ఢిల్లీ యజమానికి ఒకటే ఆలోచన... రేపు ఏమవుతుందో తెలియదు, ఇవాళే అమ్మేద్దాం. అమ్ముడుపోకపోతే ఉండనే ఉంది మాయాపురి. కార్లను ముక్కలుముక్కలుగా విప్పి ఇనుప సామాను కింద అమ్మే ఆ పేట పేరు ఎవరు పెట్టారోగానీ సరిగ్గానే పెట్టారు.

అక్కడ గడువు తీరబోతున్న బండికి వేరే రాష్ట్రంలో ఇంకా ఆయుష్షుంటుంది. రవాణాశాఖ ఎన్ఓసీ ఇస్తే తీసుకెళ్ళి తిరిగి రిజిస్టర్ చేయించుకోవచ్చు. అలా దక్షిణాదికి దిగే కార్లలో ఒకదాని కోసమే 2025 అక్టోబర్ లో ఆర్మూరు నుంచి ఇద్దరు మనుషులు కరోల్ బాగ్ లో అడుగుపెట్టారు. ఒకరికి ఇరవై నాలుగేళ్ళు, హైదరాబాద్ లో సాఫ్ట్ వేర్ ఉద్యోగం. రెండోవారు అతని మేనమామ, ముప్ఫై ఏళ్ళుగా మెకానిక్. తెలంగాణ ఎక్స్ ప్రెస్ లో రాత్రీ పగలూ ప్రయాణం చేసి, సివిల్స్ చదివే స్నేహితుడి గదిలో చాప పరుచుకున్నారు.

కుర్రాడి చేతిలో ఉన్నది మూడున్నర లక్షలు. రెండేళ్ళ జీతంలో మిగిల్చిన సొమ్ము. వాళ్ళింట్లో ఇదే మొదటి కారు. అలాగని ఇంట్లో డ్రైవింగ్ తెలిసినవాళ్ళు లేరనుకోకండి. తండ్రి పంతొమ్మిదేళ్ళుగా మస్కట్ లో డ్రైవరు. నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో గల్ఫ్ కు మనిషి వెళ్ళని వాడకట్టు వెతికినా దొరకదు. ఆ తండ్రి నడపని పెద్ద కారు లేదు, తనదంటూ ఒక్క కారూ లేదు. అంతా అర్బాబ్ దే. కొడుకు సెకండ్ హ్యాండ్ కారు కొంటానంటే ఫోన్ లో ఆయన అన్నది ఒక్కటే మాటట... ‘మామను తోలుకపో.’

‘డాక్టర్ గారి బండి సార్!’

బజారుకు దాని భాష దానికుంటుంది. ‘సింగిల్ హ్యాండ్’ అంటే ఒకే యజమాని. ‘నాన్ యాక్సిడెంటల్’ అంటే ఎక్కడా గుద్దుకోలేదని. ‘డాక్టర్ నడిపింది’ అంటే నెమ్మదిగా నడిపిందని. ‘మేడమ్ నడిపింది’ అంటే ఇంకా నెమ్మదిగా అని. ఈ బజారు మాట వింటే ఢిల్లీలో డాక్టర్లూ మేడమ్ లూ తప్ప మరెవరూ కార్లు నడపరేమో అనిపిస్తుంది.

కుర్రాడు మనసు పారేసుకున్నది స్కోడా లారా మీద. స్కోడా ఆక్టావియా రెండోతరం కారిది. పాత ఆక్టావియా ఇక్కడ ఇంకా అమ్ముడవుతుండటంతో మనదేశంలో లారా అని పేరు పెట్టి 2005లో వదిలారు. ఇందులో 1.8 టీఎస్ఐ అనే టర్బో పెట్రోల్ ఇంజన్ ది ప్రత్యేక కథ. 160 హార్స్ పవర్. ఆల్టో 800 ఇంజన్ శక్తి 48 అనుకుంటే ఇది దానికి మూడింతలు పైమాటే. 2011లో వచ్చిన ‘ఆర్ఎస్’ రకానికైతే కుర్రకారులో సినిమా హీరోకున్నంత పేరు. ఇక్కడో తమాషా ఉంది. ఆర్ఎస్ లో ఉన్నదీ అదే 160 హార్స్ పవర్ ఇంజన్. పైన హంగులు వేరు, కింద సస్పెన్షన్ కాస్త గట్టి, అంతే. కానీ ఆ రెండక్షరాల బిళ్ళ ఉంటే ధర పెరుగుతుంది. ఆ బిళ్ళలు కార్ల సామాను అమ్మే కొట్లలో విడిగానూ దొరుకుతాయి!

మొదటి దుకాణంలో నల్లటి లారా. వెనక ఆర్ఎస్ బిళ్ళ. నల్లరాతి విగ్రహంలా మెరుస్తోంది. మీటర్ లో 58 వేల కిలోమీటర్లు. అడిగింది మూడున్నర.

‘మామా, గిది సూడు. యాభై ఎనిమిది వేలే తిరిగిందట’ అన్నాడు కుర్రాడు.

‘మీటర్ ఏమంటున్నదో నాకెందుకురా అల్లుడా? కాలువెట్టే జాగ సూడు’ అన్నాడు మామ.

క్లచ్ పెడల్ మీద రబ్బరు గీతలన్నీ అరిగి నున్నగా ఉంది. స్టీరింగ్ తోలు పది, రెండు గంటల స్థానాల్లో గాజులా మెరుస్తోంది. డ్రైవర్ సీటు, దిగేవైపు అంచు కుంగిపోయింది. యాభై ఎనిమిది వేలకు ఇంత అరుగుదల రాదు. బానెట్ ఎత్తితే ఇంజన్ మీద నూనె చుక్క లేదు, మట్టి రేణువు లేదు. కొత్తవాళ్ళు దాన్ని చూసి మురిసిపోతారు. మెకానిక్కులు అనుమానపడతారు. కారుతున్నదేదో కనబడకుండా కడిగేశారేమోనని. ఆఖరికి మామ టార్చి వేసి బానెట్ లోపలి అంచు చూస్తే, పాత ఆయిల్ మార్చినప్పటి చిన్న స్టిక్కర్ ఒకటి మాసిపోయి కనిపించింది. ‘తర్వాతి ఆయిల్ మార్పు: 1,15,000’. కడిగినవాడికి కనబడలేదు పాపం!

డిజిటల్ మీటర్ వచ్చాక కిలోమీటర్లు వెనక్కి తిప్పడం కష్టమవుతుందనుకున్నారు అందరూ. జరిగింది వేరు. లాప్ టాప్ పెట్టి నిమిషాల్లో మార్చేస్తున్నారు. అయితే కొన్ని కార్లలో గేర్ బాక్స్ వంటి వేరే భాగాల కంప్యూటర్లలోనూ కిలోమీటర్ల లెక్క ఉంటుంది. స్కానర్ పెట్టి చూస్తే బండారం బయటపడుతుంది. అంతకన్నా సులువైన దారి, ఛాసిస్ నంబర్ తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్ లో చరిత్ర అడగడం. ఇక ఆర్సీ చూస్తే అందులో ఆర్ఎస్ అన్న మాటే లేదు. ఎంపరివాహన్ యాప్ లో యజమాని సీరియల్ నంబర్ మూడు. సింగిల్ హ్యాండ్ కాదు, ముగ్గురి చేతులు!

దుకాణదారు నొచ్చుకోలేదు. నవ్వి టీ తెప్పించాడు. ఈ బజారులో పట్టుబడటం అవమానం కాదు, బేరం మొదలైందని గుర్తు.

ఫైలుతో వచ్చిన బండి

మధ్యాహ్నం దాటాక నాలుగో దుకాణంలో, వెనక వరసలో, ఎవరూ చూడని బూడిదరంగు లారా కనిపించింది. 2012 మోడల్. ఆర్ఎస్ కాదు గానీ అదే ఇంజన్, ఆరు గేర్లు. ముందు బంపరు మీద గీతలు. మీటర్ లో 1,62,000. కుర్రాడు దాని వంక చూడనైనా లేదు. ‘గంత తిరిగిన బండి ఏం జేసుకుంట మామా’ అన్నాడు.

మామ అడిగాడు... కాగితాలేమైనా ఉన్నాయా అని. దుకాణదారు లావుపాటి ఫైలొకటి తెచ్చి బల్లమీద పెట్టాడు. కొన్ననాటి రసీదు నుంచి కిందటి నెల వైపర్ బ్లేడ్ల బిల్లు దాకా తేదీ వరుసలో గుచ్చి ఉన్నాయి. ప్రతి బిల్లు మీదా కిలోమీటర్ల అంకె. మామ ఒక్కో కాగితం తిప్పుతూ 2020 నాటి ఓ బిల్లు దగ్గర ఆగాడు. 1,18,000 కిలోమీటర్ల దగ్గర టైమింగ్ చైన్, దాన్ని బిగించి పట్టే టెన్షనర్ మార్చారు.

ఎందుకింత ముఖ్యం? ఈ ఇంజన్ కు రెండు జబ్బులున్నాయని మెకానిక్కుల్లో పేరు. ఒకటి నూనె తాగడం. పిస్టన్ రింగుల పక్కనుంచి ఇంజన్ ఆయిల్ కొద్దికొద్దిగా పైకి చేరి పెట్రోల్ తోపాటు కాలిపోతుంటుంది. రెండోది చైన్ టెన్షనర్. ఇంజన్ లో పిస్టన్లూ వాల్వులూ ఒకే తాళానికి ఆడేలా చూసేది టైమింగ్ చైన్. టెన్షనర్ పట్టు తప్పి చైన్ నాలుగు పళ్ళు జారిందా, పైకి లేచే పిస్టన్ కిందికి దిగిన వాల్వును గుద్దేస్తుంది. ఆ దెబ్బకు ఇంజన్ విప్పాల్సిందే. బండి కొన్న ధరలో సగం అక్కడే పోతుంది. బజారులో తళతళలాడే కార్లలో ఎన్నింటికి ఆ ఖర్చు ముందుందో ఎవరికి తెలుసు? ఈ బండికి మాత్రం ఆ ఖర్చు ఇంకొకరు పెట్టేశారు.

‘యాభై వేలు తిరిగిందని చెప్పేటోడి మాట కన్నా లక్షా అరవై తిరిగిందని రాసుకున్నోడి కాయిదం మంచిది. నా మాటిను’ అన్నాడు మామ. కుర్రాడి ముఖం ఇంకా నల్ల కారు వైపే ఉంది. ఇరవై నాలుగేళ్ళకు మెరుపు కనిపిస్తుంది, బిల్లులు కనిపించవు. అది వయసు తప్పే తప్ప అతని తప్పు కాదు.

మర్నాడు తెల్లారే మళ్ళీ వచ్చారు. ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయించి చూడాలి. ముందే స్టార్ట్ చేసి వేడిచేసి పెడితే జబ్బులు దాక్కుంటాయి. మామ బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూసి, చల్లగానే ఉందని తలూపాడు. స్టార్ట్ చేయగానే చైన్ గలగలమనలేదు. సైలెన్సర్ నుంచి లేత నీలిరంగు పొగ క్షణకాలం వచ్చి ఆగింది. నూనె తాగుతోంది, కానీ మితంగా. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా పోవచ్చని కంపెనీ పుస్తకమే చెబుతుంది. డిక్కీలో కార్పెట్ ఎత్తి వెల్డింగ్ అతుకులున్నాయేమో చూశారు. టైర్ల అంచున ఉండే నాలుగంకెలు చదివారు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. వెనకవి కొత్తవే. ముందువి మాత్రం 4118, అంటే 2018లో 41వ వారం. ఏడేళ్ళ టైర్లు.

పాత యజమాని ద్వారకలో ఉండే రిటైర్డ్ ఉద్యోగి. కాగితాల మీద సంతకాల కోసం దుకాణానికి వచ్చాడు. చండీగఢ్ లో ఉన్న కూతురిని చూడటానికి వారం వారం వెళ్ళేవాడట. లక్షా అరవై వేలలో ఎక్కువ భాగం ఆ హైవేదే. ఊళ్ళో ఆగి ఆగి తిరిగిన యాభై వేల కన్నా హైవే మీద ఒకే గేర్ లో సాగిన లక్ష ఇంజన్ కు తేలిక. క్లచ్, బ్రేకులు, స్టార్టర్ అన్నీ తక్కువ అరుగుతాయి. కూతురు కెనడా వెళ్ళిపోయాక కారు అలా నిలబడిపోయిందన్నాడు. తాళాలిస్తూ రెండోసెట్టు కూడా ఉందని జేబులోంచి తీసి, కవరులో పెట్టి మరీ ఇచ్చాడు.

మూడుంపావు దగ్గర మొదలైన బేరం రెండు నలభై దగ్గర తెగింది. మిగిలిన లక్షా పదివేలు బండి మీదే పెట్టాలని మామ షరతు. ఈ సంగతి కొత్తగా కొనేవాళ్ళు బాగా గుర్తుపెట్టుకోవాలి. పెద్ద ఇంజన్ పాత బండి ధర తగ్గుతుంది గానీ దాని విడిభాగాల ధర తగ్గదు. రెండున్నర లక్షలకు కొన్న కారైనా బాగుచేయించుకునేది పదమూడు లక్షల కారు ధరలకే! చేతిలో ఉన్నదంతా పెట్టి బండి కొని, మొదటి రిపేరుకే దాన్ని ఇంటిముందు కవరు కప్పి పెట్టిన కుర్రాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

కాగితాల కాలం

కారు చేతికి రావడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఢిల్లీ రవాణాశాఖ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ రావాలి. చలాన్లు ఏవైనా ఉంటే కట్టేయాలి. బ్యాంకు అప్పు తీరినట్టు ఆర్సీలో నమోదవ్వాలి. అమ్మినట్టు ఫారం 29, పేరు మార్చమని ఫారం 30. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకూ రవాణాశాఖ అనుమతి పత్రం తప్పనిసరి చేశారు. అది గోడకు ఉందో లేదో చూసుకోవడం కొనేవాళ్ళ పని.

ఇవన్నీ దేనికి, తెల్లకాగితం మీద రాసుకుంటే చాలదా అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 2025 నవంబర్ 10న ఎర్రకోట దగ్గర పలువురి ప్రాణాలు తీసిన పేలుడులో వాడిన కారు కూడా చేతులు మారుతూ వచ్చిన సెకండ్ హ్యాండ్ కారే. దాంతో ఎప్పుడో అమ్మేసినవాళ్ళు కూడా పోలీసుల ముందు నిలబడాల్సి వచ్చింది. మామా అల్లుళ్ళు కారు తీసుకోవడానికి రెండోసారి ఢిల్లీ చేరింది ఆ తర్వాతి వారమే. నగరం పొలిమేర దాటేలోపు మూడుచోట్ల ఆపారు. మూడుచోట్లా ఆ లావుపాటి ఫైలు, దాంతోపాటు ఎన్ఓసీ చూపించారు. మూడుచోట్లా వదిలేశారు.

ఢిల్లీ నుంచి ఆర్మూరుకు...

ఢిల్లీ నుంచి ఆర్మూరు పదమూడు వందల పైచిలుకు కిలోమీటర్లు. ఆగ్రా దాటాక దాదాపు దారంతా 44వ నంబరు జాతీయ రహదారే. కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే రోడ్డు, ఆర్మూరు పక్కనుంచే వెళుతుంది. మూడు రోజుల ప్రయాణం పెట్టుకున్నారు.

గ్రేటర్ నోయిడా దగ్గర యమునా ఎక్స్ ప్రెస్ వే ఎక్కగానే కుర్రాడి కాలు ఊరుకోలేదు. ఆగ్రా దాకా 165 కిలోమీటర్లు, బల్లపరుపు సిమెంటు రోడ్డు. మూడో గేర్ లో కొంచెం నొక్కితే టర్బో ఈల వేసింది. వెన్ను సీటుకు అతుక్కుపోయింది. సూది నూట పది దాటుతుండగా మామ డ్యాష్ బోర్డు మీద తట్టాడు. అక్కడ కార్లకు పరిమితి వంద. కెమెరాలున్నాయి. ‘కెమెరాలు గాదురా, ముంగటి టైర్లు ఏడేండ్లవి. సిమెంటు రోడ్డు మీద వేడెక్కితే పగుల్తయి. తొంభై దాటకు.’ 160 హార్స్ పవర్ బండి మొదటిరోజంతా లారీల పక్కన బుద్ధిగా నడిచింది.

టోల్ గేట్ల దగ్గర ఇంకో లెక్క. పాత ఫాస్టాగ్ పాత యజమాని ఖాతాది. ఆయన తీసేశాడు. ఆర్సీ పేరు మారకుండా కొత్తది తీసుకోవడం కుదరలేదు. 2025 నవంబర్ 15 నుంచి ఫాస్టాగ్ లేనివాళ్ళు యూపీఐలో కడితే టోలుకు ఒకటింపావు వంతు, నోట్లిస్తే రెట్టింపు. ఫోన్ లో కడుతూ పోయారు. పెట్రోల్ బంకులో ఇంకో బెంగ. 2025లో దేశమంతా పరుచుకున్న ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్, ఇలాంటి పాత ఇంజన్లను దృష్టిలో పెట్టుకుని తయారైంది కాదు. రబ్బరు పైపులు, సీళ్ళ మీద ఓ కన్నేసి ఉంచాలంటారు మెకానిక్కులు.

ధోల్పూర్ దాటాక చంబల్. రోడ్డుకు రెండువైపులా వాన కోసిన మట్టిదిబ్బలు, వాటి మధ్య చీకటి లోయలు. ఒకప్పుడు బందిపోట్ల పేరు చెబితే ఈ లోయలే గుర్తొచ్చేవి. కింద నదిలో ఇప్పుడు ఘరియాల్ మొసళ్ళు కాపురముంటున్నాయి. వంతెన దాటితే రాజస్థాన్ అయిపోయి మధ్యప్రదేశ్. రాత్రికి ఝాన్సీలో పడక. మర్నాడు పొద్దున్నే డిప్ స్టిక్ తీసి చూస్తే నూనె గీత ఓ వేలెడు దిగింది. పావు లీటరు పోశారు. మామ చిన్న నోటుపుస్తకం తీసి తేదీ, కిలోమీటర్లు, పోసిన నూనె రాశాడు. ద్వారక పెద్దాయన ఫైలుకు ఇది కొత్త పేజీ.

రెండోరోజు పొడవైన రోజు. లలిత్ పూర్, సాగర్ దాటి బర్మాన్ దగ్గర నర్మద. మామ కారు ఆపించి, ఘాట్ దిగి కాళ్ళు కడుక్కుని, సీసాలో నీళ్ళు పట్టి తెచ్చి బానెట్ మీద చల్లాడు. కార్తీకమాసం. ఇంట్లో అక్క చెప్పి పంపిందట. ఆ పని అయ్యాక నర్సింగ్ పూర్ దారిలో మొదటిసారి ‘కొంచెం నొక్కు, సూద్దాం’ అన్నాడు. టైర్లు సాయంత్రపు చలిలో ఉన్నాయని కారణం చెప్పాడు గానీ, ఆయనకూ ముచ్చట తీరాలి కదా! ఐదో గేర్ లోంచి నాలుగుకు దించి నొక్కితే ముందున్న రెండు లారీలు అద్దంలో చిన్నవైపోయాయి. ఆ పది క్షణాలూ ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత మామ నవ్వాడు. ‘గట్టిదే’ అన్నాడు.

రాత్రి సివనీలో ఆగి, తెల్లవారి పెంచ్ అడవిలోంచి వెళ్ళారు. ఇక్కడి రోడ్డు చూడదగ్గది. పులుల అభయారణ్యాన్ని చీల్చుకుని పోయే ఈ దారిలో జంతువులు కిందనుంచి దాటేలా రోడ్డునే స్తంభాల మీదికి ఎత్తారు. మహారాష్ట్ర వైపు అలాంటి దాటుడు దారులు తొమ్మిది. అన్నిటికన్నా పొడవైనది 750 మీటర్లు. పైన కార్లు, కింద పులులు. మధ్యప్రదేశ్ వైపు హారన్ల మోత, లైట్ల వెలుగు అడవిలోకి పోకుండా రోడ్డు పక్కన గోడలు కట్టారు. పగటిపూట ఆ గోడల మధ్య పోతుంటే అడవి కనబడదు, దాని చల్లదనం మాత్రం అద్దం దించితే తెలుస్తుంది.

నాగ్ పూర్ దాటితే పత్తిచేలు. పెన్ గంగ వంతెన దాటితే బోర్డుల మీద తెలుగక్షరాలు! ఆదిలాబాద్, గుడిహత్నూర్, నేరడిగొండ... పేర్లు బయటికి చదువుకుంటూ వచ్చారు. నిర్మల్ తర్వాత సోన్ దగ్గర గోదావరి. ఈ కారు పుట్టింది కూడా మరీ దూరమేం కాదు. లారాలను బిగించింది ఔరంగాబాద్ పక్కన షేంద్ర ఫ్యాక్టరీలో. ఇప్పుడా ఊరి పేరు ఛత్రపతి శంభాజీనగర్. ఆర్మూరుకు ఢిల్లీ కన్నా ఎంతో దగ్గర. పదమూడేళ్ళు ఉత్తరాదిలో ఉద్యోగం చేసి దక్కన్ కు తిరిగొచ్చిన బండి అన్నమాట.

రెండు రాళ్ళగుట్టల మధ్య ఆర్మూరు దీపాలు కనిపించేసరికి పొద్దుగూకింది. మీటర్ లో 1,63,400. దారి మొత్తం మీద తాగిన నూనె అర లీటరు లోపే.

పని ఇంకా అయిపోలేదు. నిజామాబాద్ ఆర్టీఓ ఆఫీసులో ఎన్ఓసీ ఇచ్చి, బండి చూపించి, వయసునూ అసలు ధరనూ బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఢిల్లీలో మిగిలిందనుకున్న డబ్బులో పెద్ద ముక్క అక్కడికే పోతుంది. ఈ లెక్క ముందే వేసుకోకుండా ఢిల్లీ రైలెక్కేవాళ్ళే తర్వాత లబోదిబోమంటారు. ఇన్సూరెన్స్ పేరు మార్పుకు పద్నాలుగు రోజుల్లో దరఖాస్తు చేయాలి. 2027లో పదిహేనేళ్ళు నిండితే ఫిట్ నెస్ చూపించి ఐదేళ్ళకు రెన్యువల్. 2022 ఏప్రిల్ కు ముందు దాని ఫీజు 600 రూపాయలు, అప్పటి నుంచి 5,000.

ఇంటిముందు కారాగగానే తల్లి హారతి పట్టింది. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు. వాడకట్టు పిల్లలు అద్దాల మీద వేళ్ళతో పేర్లు రాశారు. అప్పటికే మస్కట్ నుంచి వీడియో కాల్. కొడుకు ఫోన్ పట్టుకుని కారు చుట్టూ తిప్పి చూపించాడు. లోపల సీట్లు, స్టీరింగ్, డిక్కీ, వెనక లైట్లు. తండ్రి చాలాసేపు ఏమీ అనకుండా చూశాడు. ‘ఇంజన్ ఇప్పుడు వేడి మీదున్నది. పొద్దుగాల సల్లగున్నప్పుడు స్టార్ట్ చేసి ఇనిపియ్యి’ అన్నాడు.

మర్నాడు ఆరింటికి కొడుకు బానెట్ ఎత్తి, ఫోన్ ను ఇంజన్ దగ్గర పెట్టి, తాళం తిప్పాడు. అక్కడ మస్కట్ లో ఇంకా నాలుగున్నరే. అర్బాబ్ పిల్లలను బడికి దింపే వేళ కాలేదు. అర నిమిషం పాటు ఇంజన్ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

‘మంచిగున్నది బిడ్డా’ అన్నాడు తండ్రి. ‘ముంగటి టైర్లు మాత్రం ఇయాల్నే మార్పియ్యి.’